తొక్కిన సీసాలు

గద్వాల బస్టాండులో కొత్త మిషను పెట్టారు. ఎండతోనే నడుస్తుంది. ఖాళీ ప్లాస్టిక్ నీళ్ల సీసాను దాని కంతలో వేస్తే లోపలే నలిగిపోతుంది. వేసినవాళ్లకు పక్కనున్న నల్లాలో చల్లటి నీళ్లు వస్తాయి. ప్రయాణికులు వరుస కట్టి వేస్తున్నారు.

అలివేలమ్మ చాలా ఏండ్లుగా ఆ బస్టాండులో సీసాలు ఏరుకొని బతుకుతున్నది. మిషను చూసుకునే స్టీఫెన్ ఆమెను ఆపాడు.

"అవ్వా, ఇగ సీసాలు ఏరుడు బంద్. అన్నీ దీనికే రావాలంట."

"మరి నేనేం తినాలె, బిడ్డా?"

స్టీఫెన్ తల గోక్కున్నాడు.

"దీని కాడ ఇంకొక మనిషి కావాలంటుండ్రు. రేపు మిషను పెట్టిన సారొస్తడు. ఆయన ముంగట నాలుగు సీసాలు ఏసి చూపియ్యి. నేను నీ పేరు చెప్త."

ఆ సాయంత్రం ఆమె ఎన్నడూ లేనంత శ్రద్ధగా సీసాలు ఏరింది. మూతలు తీసింది. మట్టి కడిగింది. వాటికి అంటించిన కాగితాలు ఒలిచింది. ఒక్కొక్కదాన్నే మడమ కింద వేసి చదునుగా తొక్కింది. పాతసామాను కొనే నిరంజన్ అట్లా ఉన్నవే తీసుకునేవాడు. ఉబ్బుగా ఉంటే, "గాలి మోసుకపోవాల్నా నేను?" అని అవతల పారేసేవాడు.

పొద్దున సారు వచ్చాడు. అలివేలమ్మ ఉతికిన చీర కట్టుకొచ్చింది. మొదటి సీసా వేసింది. మిషను బయటికి తోసేసింది. రెండోదీ అంతే.

"గిట్ల కాదవ్వా," అన్నాడు స్టీఫెన్ మెల్లగా. "స్టిక్కర్ ఉండాలె. సీసా ఉబ్బుగనే ఉండాలె. నలగ్గొట్టుడు దాని పని."

"నేనే నలగ్గొట్టిన గదా. దానికి పని తప్పె."

"ఇగ మిషన్‌ను ఇంటికి తోలుండ్రి, అవ్వ ఉన్నది," అన్నది వరుసలో ఉన్న ఒకామె. అందరూ నవ్వారు.

సారు నవ్వలేదు. "ఇంకొకసారి వెయ్యమను," అన్నాడు. స్టీఫెన్ ఎవరి దగ్గరో నలగని ఖాళీ సీసా అడిగి ఆమె చేతికిచ్చాడు.

ఆమె రెండు చేతులతో పట్టుకొని కంత దాకా తీసుకుపోయింది. చెమట చేతులు. సీసా జారి కిందపడింది. వంగేలోపే అలవాటుగా మడమ దాని మీద పడింది. టప్పుమన్నది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. సారు ఫోను చూసుకుంటూ వెళ్లిపోయాడు. "ఇంకొకర్ని చూస్తరంట, అవ్వా," అన్నాడు స్టీఫెన్, ఆమె ముఖం చూడకుండా.

ఆమె తొక్కిన సీసాల సంచి మోసుకొని నిరంజన్ దుకాణానికి పోయింది. అతడు సంచి మూతి కూడా విప్పలేదు.

"బస్టాండు సరుకు కొనొద్దని మిషనోళ్లు చెప్పిపోయిండ్రు. ఆత్మకూరు బస్టాండుకు పో అవ్వా, ఆడ ఏరుకో."

"ఆడ మిషను లేదా?"

"ఇంకా పెట్టలే. వచ్చే నెల పెడ్తరంట."

అలివేలమ్మ దుకాణం మెట్టు మీద కూర్చున్నది. ఎండ ముదిరింది. ఇనుప సామాను వేసుకొని ఆటో ఒకటి వచ్చి ఆగింది.

"జర పక్కకు జరుగవ్వా," అన్నాడు నిరంజన్.

"ఏ పక్కకు?" అని అడిగింది.

అతడు అప్పటికే తక్కెడ సర్దుకుంటున్నాడు.