ఎనిమిది కార్డులు

కొత్త సంవత్సరం నాడు వాగ్దానం కార్డు తీయకుండా ఇంటికి పోయే విశ్వాసి ఆ అడవి అంచు సంఘంలో లేడు. పళ్లెంలో బోర్లించిన కార్డుల్లోంచి కళ్లు మూసుకొని ఒకటి తీయాలి. దాని మీద ఏ వాక్యం ఉంటే, ఆ ఏడాదికి దేవుడు ఆ మనిషికిచ్చిన మాట అదే. ఫోను కవరులో దాచుకునేవాళ్లు కొందరు, బీరువా తలుపుకు అంటించుకునేవాళ్లు కొందరు. పోయినేడు జకర్యాకు వచ్చింది, చావవు, బతుకుతావు అనే మాట. భార్య విశ్రాంతమ్మ ఆ కార్డును అతని తలగడ కింద పెట్టింది. వానాకాలంలో చలిజ్వరం పట్టి, ఐదో రోజున జకర్యా ఆ తలగడ మీదే పోయాడు.

"భద్రాచలం దవాఖానా గంట దూరంలో ఉన్నా, వాగ్దానాన్నే నమ్ముకున్న విశ్వాసవీరుడు!" అని సమాధి దగ్గర పాస్టర్ జయరాజ్ గొంతెత్తి చెప్పాడు. అందరూ ఆమెన్ అన్నారు. విశ్రాంతమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ డిసెంబరులో పాస్టరు ఆమెకే ఒక పని అప్పజెప్పాడు. ఖమ్మంలో అచ్చేయించిన కార్డులు షీట్లుగా వచ్చాయి, కత్తిరించాలి. వాకిట్లో ఎండకు కూర్చొని కత్తెర పట్టింది. మొదటి షీటులోనే కనబడింది ఆ మాట. ఒక్కచోట కాదు, ఎనిమిది చోట్ల. ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఎనిమిది మందికి అచ్చేసిన మాటనా, జకర్యా పేరు పెట్టి దేవుడు పంపాడని తాను మురిసింది? కోపం దేవుడి మీద కాదు. ఆయన మాటను పళ్లెంలో పోసి చీటీలాట ఆడింది మనుషులు. ఆ మనుషుల్లో తానూ ఉంది, అదే మింగుడుపడలేదు. అయినా అంచులు వంకర పోకుండా అన్నీ కత్తిరించి ఇచ్చింది.

జనవరి ఒకటిన పక్కింటి అక్సా తీసిన కార్డు అదే. కడుపుతో ఉంది, ఎనిమిదో నెల, కాళ్లు పొంగి ఉన్నాయి, తలనొప్పికి కళ్లు తెరవలేకపోతోంది. ఆశా వర్కర్ బాలి బీపీ చూసి హడలిపోయింది. "ఇయ్యాలే భద్రాచలం పోవాలె. లేకుంటే తల్లీబిడ్డలు దక్కరు" అని ఆటో కూడా పిలిపించింది. అక్సా మంచం దిగనంది.

"వాగ్దానం వచ్చింది గదా పెద్దమ్మా. దవాఖానకు పోతే నమ్మకం లేనట్టు గాదా?"

"ఆ కార్డు కత్తిరించింది నేనే. గసొంటియి ఇంకో ఏడు కార్డులున్నయ్," అంది మంచం పక్కన నిలబడ్డ విశ్రాంతమ్మ. "కావాలంటే ఎంబడి తీస్కపో. దేవుడు దవాఖానల ఉండడా ఏంది? లే, జల్దీ."

"మరి పెద్దనాయిన దవాఖానకు పోలే గదా. నమ్మకంగ నిలబడె గదా."

ఇన్ని నెలలుగా ఎవరితోనూ అనని మాట విశ్రాంతమ్మ అప్పుడు బయటపెట్టింది.

"నిలబడలే బిడ్డా. నాలుగోనాడు నా చెయ్యి పట్టుకొని, దవాఖానకు తీస్కపోవే అని అడిగిండు. నేనే తలగడ కిందికెల్లి కార్డు తీసి చూపించిన."

"అప్పుడేమన్నడు?"

"ఏమంటడు. సరే తియ్, నీ నమ్మకం నేనెందుకు పాడుజెయ్యాలె అన్నడు."

అక్సా మంచం దిగి చెప్పులు వెతుక్కుంది.