కనబడని వైపు

సారపాక స్టేజీలో బస్సు దిగేసరికి మధులత చెవుల్లో తల్లి మాటలే మోగుతున్నాయి. "వాని మొఖం చూసి రా. మనిషి లెక్కున్నడా, ఎద్దు లెక్కున్నడా, వచ్చి నాకు చెప్పు" అని పంపింది పిచ్చమ్మ. కొడుకు ప్రేమ్‌సాగర్ పోయిన ఈ రెండేళ్లలో ఆమె దేవ్లా పేరును ఒక్కసారైనా పలకలేదు. ఎప్పుడూ 'వాడు' అనే అంటుంది.

విశాఖలో జరిగిన ఒక ప్రొఫెషనల్ బాక్సింగ్ పోటీలో, ఆరో రౌండులో, దేవ్లా కొట్టిన దెబ్బకు ప్రేమ్‌సాగర్ కూలిపోయాడు. ఎనిమిది రోజులు స్పృహ లేకుండా ఉండి తొమ్మిదో నాడు కన్నుమూశాడు. లోకానికి తెలిసినది ఇంతే.

మధులతకు మరికొంత తెలుసు. పోటీకి పది రోజుల ముందు, సాధనలో తమ్ముడి తలకు గట్టి దెబ్బ తగిలింది. ఇంటికి వచ్చి రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. సర్కారు దవాఖానాలో నర్సుగా పనిచేసే ఆమె టార్చిలైటు వేసి చూస్తే, కుడి కనుపాప ఎడమదానికంటే రవ్వంత పెద్దదిగా కనిపించింది. తల లోపల దెబ్బ తగిలితే అలా అవుతుందని ఆమెకు తెలుసు. "ఎవ్వరికి చెప్పకక్కా, ఈ ఒక్క పోటీ" అని బతిమాలాడు వాడు. బరువు తగ్గడానికి నీళ్లు మానేసిన బాక్సర్లకు తలనొప్పి రావడం మామూలే. పోటీ ముందురోజు, బరువు తూచేచోట, తమ్ముడి తలనొప్పి సంగతి విని డాక్టరు కనుబొమలు ముడిచినప్పుడు, వెంట వెళ్లిన ఆమె ఆ మామూలునే అడ్డం పెట్టింది. "నీళ్లు తక్కువై సార్. నేను నర్సునే, నేనే చూస్కుంటున్న." ఆ మాట విని డాక్టరు సంతకం చేశాడు. తర్వాత ఆసుపత్రివారు తీసిన స్కాను రిపోర్టులో, పాత రక్తపు గడ్డ మీద కొత్తగా రక్తం చేరిందని రాసి ఉంది. తల్లికి చదివి వినిపిస్తూ, 'పాత' అన్న ఒక్క మాటను ఆమె మింగేసింది.

ఆ మాటను దేవ్లాకు చెప్పాలా, వద్దా? అది తేల్చుకోకుండానే ఆమె పొద్దున చండ్రుగొండలో బస్సెక్కింది. ఎక్కించినది బొజ్జయ్య ఫోను. బొగ్గు గనిలో ముప్పై ఏళ్లు పనిచేసి దిగిపోయిన ఆ ముసలాయన ఇప్పుడు దేవ్లాకు శిక్షకుడు.

"మావోడు రెండేండ్ల సంది ఎవ్వన్నీ సక్కగ కొడ్తలేడు బిడ్డా" అన్నాడాయన. "చెయ్యి పోతది, జానెడు దూరంల ఆగిపోతది. ఐతారం హైదరాబాద్ల పోటీ ఉన్నది. చెయ్యి ఆపినోడే కిందవడ్తడు. మీ అమ్మ కాళ్లు మొక్కుతె గని నిమ్మలం గాదంటడు. రెండుసార్లు మీ ఊరి స్టేజీ దాంక వొచ్చి మళ్లిపోయిండు. నువ్వన్న ఒకపాలి వొచ్చి చూడరాదు."

కాగితం మిల్లుకు పోయే జామాయిల్ దుంగల లారీలు రోడ్డు పక్కన బారులు తీరి ఉన్నాయి. ఆ వరుస చివర ఒక రేకుల షెడ్డు. మధ్యాహ్నం వెలుతురులో, తాళ్లు కట్టిన చదరం పక్కన కూర్చుని, ఒక బక్కపలచని మనిషి చేతి పట్టీలను ఒడిలో పరచి చుట్టలు చుడుతున్నాడు. ఇతనేనా అనుకున్నది మధులత. రెండేళ్లుగా ఆమె ఊహలో గుమ్మానికి పట్టని మనిషి ఒకడు పెరుగుతూ వచ్చాడు. ఈ దేవ్లా ఆమె భుజం కంటె బెత్తెడు ఎత్తు, అంతే. ముక్కు మాత్రం ఒక పక్కకు ఒరిగి ఉంది. అతడు లేచి, ప్లాస్టిక్ కుర్చీని తన తువ్వాలుతో రెండుసార్లు తుడిచి, ఫ్యానుకు ఎదురుగా వేశాడు.

"కూసో అక్కా." రోగి నిద్రపోతున్న గదిలో మాట్లాడినట్టుంది గొంతు.

"వీని నోట్లకెల్లి మాట రావాల్నంటె పక్కబొక్కల మీద గుద్దాలె" అన్నాడు బొజ్జయ్య, వాతావరణం తేలిక చేయడానికి. "అది గూడ వీనికంటె పొట్టోడు గుద్దాలె. అసొంటోడు ఈ మండలంలనే లేడాయె."

దేవ్లా చూపు ఆమె ముఖం మీద కాక భుజం మీద నిలిచి ఉంది. మొదట ఆమెకు ఒళ్లు మండింది. వెంటనే గుర్తుకొచ్చింది: ప్రేమ్‌సాగర్ కూడా అలాగే చూసేవాడు. దెబ్బ రాబోతున్నదని కన్ను అబద్ధం చెప్పవచ్చును గాని భుజం చెప్పదనేవాడు. కూరగాయలమ్మే ముత్తక్కతో మాట్లాడినా వాడి చూపు ఆమె భుజం మీదే ఉండేది.

"చూపియ్‌రా, అక్క చూడనీ" అన్నాడు బొజ్జయ్య.

దేవ్లా తాళ్ల నడుమకు దూరి నీడతో ఆడడం మొదలుపెట్టాడు. ఎదుట మనిషి లేకుండా, ఉన్నట్టు ఊహించుకుని చేసే సాధన అది. బాక్సర్లందరూ చేసేదే, మధులత తన పెరట్లో వేలసార్లు చూసినదే. అయితే చూస్తూ చూస్తూ ఉండగా ఆమె కుర్చీ అంచుకు జరిగింది. దేవ్లా తల తప్పించే తీరును బట్టి, అవతల ఉన్నవాడి ఎత్తు తెలుస్తున్నది. అవతలివాడివి వరుసగా రెండు ఎడమ దెబ్బలు, ఒక చిన్న గెంతు, మళ్లీ ఒకటి. ఆ గెంతు దగ్గర దేవ్లా ప్రతిసారీ ఒక అర క్షణం ఆగుతున్నాడు. అది ప్రేమ్‌సాగర్ గెంతు. పదమూడో ఏట చింతచెట్టు మీదినుంచి పడి మడమ బెణికిన నాటినుంచి వాడు అలాగే గెంతేవాడు. ఖాళీ చోటులో ఆమె తమ్ముడు నిలబడి ఆడుతున్నాడు. అతడిని చూడడానికి ఆమెకు దేవ్లా ఒళ్లు తప్ప వేరే అద్దం అక్కరలేకపోయింది.

దేవ్లా కుడి చేయి లేచింది. సగం దూరం పోయి ఆగిపోయింది.

"సూసినవా?" అన్నాడు బొజ్జయ్య గొంతు తగ్గించి. "ఏ ఊళ్లె, ఏ పొద్దు ఆడినా గిదే లెక్క. ఇంకో మనిషిని తలుసుకోరా అంటె, వేరేటోళ్లు వస్తలేరు పెద్దనాయినా అంటడు."

మధులత కుర్చీలోంచి లేచింది. తేల్చుకోవలసిన సంగతి ఆమె అనుమతి లేకుండానే తేలిపోయింది.

"దేవ్లా, ఇటు రా. నువ్వు మా అమ్మ కాళ్లు మొక్కే పని లేదు. వాన్ని నువ్వు సంపలే."

అతడు తాళ్లకు ఆనుకుని నిలబడ్డాడు. ఆమె చెప్పింది. వాంతుల గురించి, టార్చిలైటు గురించి, డాక్టరుతో తాను అన్న మాట గురించి, మింగేసిన మాట గురించి, ఏదీ వదలకుండా, దవాఖానాలో డ్యూటీ అప్పజెప్పే నర్సులాగా వరుసగా చెప్పింది. బొజ్జయ్య తలపాగా విప్పి మొహం తుడుచుకుని, దాన్ని మళ్లీ చుట్టుకోవడం మరచిపోయాడు.

దేవ్లా ముఖంలో ఊరట కనిపిస్తుందని ఆమె ఎదురుచూసింది. కనిపించలేదు.

"నాకెరుకే అక్కా" అన్నాడతడు.

"ఏందెరుక?"

"నాలుగో రౌండ్ల, ఒకరినొకరం పట్టుకున్నప్పుడు, నా చెవుల అన్నడు. 'కుడిపక్క ఏం కనవడ్తలేదురా దేవ్లా' అని." పట్టీ కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చెప్పాడు. "పట్టుకున్నప్పుడు మస్తు మాట్లాడుకుంటం మేము. తిట్టుకుంటం, జోకులేస్కుంటం. ఆ మాటలు రెఫరీకి జెప్పం. అట్ల జెప్పుడు మా ఆటల ఉండది. జెప్పినోన్ని పిరికోడంటరు."

"మరి నువ్వు...?"

"నేను గూడ జెప్పలే. మూలకు పొయ్యి కూసున్న, నీళ్లు తాగిన. మల్లొచ్చి వాని కుడిపక్కకు తిరిగిన." అతడు మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు. "అక్కణ్నే కొట్టిన అక్కా. రెండు రౌండ్లు, అక్కణ్నే కొట్టిన."

బయట ఒక లారీ డ్రైవరు ఎవరినో బండ బూతు తిట్టి, తానే నవ్వుకున్నాడు. మధులతకు అతడిని కొట్టాలనిపించింది. చేయి లేవకముందే తన మాటే తనకు వినిపించింది: నేను నర్సునే, నేనే చూస్కుంటున్న. ఆమె బరువును దించుకుందామని వచ్చింది. ఇప్పుడు అటువైపు దించడానికి చోటు లేదు. అతడిదీ ఇటువైపు దించడానికి లేదు.

"ఐతారం?" అన్నాడు బొజ్జయ్య, ఇద్దరిలో ఎవరిని అడుగుతున్నాడో తెలియకుండా.

దేవ్లా మేకుకు తగిలించిన చొక్కా తీసుకుని తొడుక్కున్నాడు. బొత్తాలు పెట్టుకోవడానికి వాచిన వేళ్లు సహకరించక నాలుగుసార్లు తడబడ్డాయి.

"అమ్మకు నేను జెప్పాలె" అన్నది మధులత. "నువ్వు గూడ జెప్పాలె. నీది ఆమెకు తెల్వదు, నాది తెల్వదు. ఒక్కలమే జెప్తె సగమే అయితది."

"కొడ్తదా అక్కా?"

ఆ ప్రశ్న అడిగినది ఎన్నో పోటీల్లో ముక్కు విరగ్గొట్టించుకున్న మనిషి.

"ఏమో. కొడ్తె ఇద్దర్నీ కొడ్తది."

కొత్తగూడెం బస్సులో వెనకవైపు ముగ్గురు పట్టే సీటు ఒకటి దొరికింది. దేవ్లా కిటికీ పక్కకు పోయి కూర్చున్నాడు. మధులత నడవ వైపు కూర్చుంది. నడుమ చోటు అలాగే మిగిలింది. అలా మిగల్చాలని ఎవరూ అనలేదు. సారపాక దాటి అడవి మొదలైనాక దేవ్లా భుజం కొంచెం ఎడంగా జరిపి కూర్చున్నాడు, పక్కవాడి మోచేతికి తావిచ్చినట్టు.

పాల్వంచకు ఇవతల, మూడు సంచులతో ఒక ముసలామె ఎక్కి, తూలుతూ వాళ్ల సీటు దాకా వచ్చింది. "జరుగు బిడ్డా, నడుమ కూసుంట."

మధులత దేవ్లా వైపు చూసింది. అతడు తల దించుకున్నాడు. ఆమె లేచి నిలబడి, పై కడ్డీ పట్టుకుని, తన చోటును ముసలామెకు చూపింది.

"అయ్యో, నువ్వెందుకు లేసినవ్? నడుమ ఖాళీగనే ఉన్నది గద?"

"కూసో పెద్దమ్మా" అన్నది మధులత. "నాకు నిలవడ్తెనే మంచిగుంటది."

ముసలామె ఇద్దరినీ ఎగాదిగా చూసి, అంచున సర్దుకుని కూర్చుంది. సంచులను మాత్రం నడుమ చోటులో పెట్టకుండా, ఎందుకో, తన ఒళ్లోనే పెట్టుకుంది. చండ్రుగొండ ఇంకా గంటన్నర దూరం ఉంది. తల్లికి మొదటి మాట ఎలా చెప్పాలో మధులత లోలోపల పేర్చుకుంటున్నది. పేర్చిన ప్రతిసారీ అది 'అమ్మా, నేను' అన్నచోటే ఆగిపోతున్నది.