ఫొటోలో లేని నలభై ఇళ్ళు

అద్దం పగులుతుందని మా వంకర మామ చేతిలోంచి లాగుడు కర్ర గుంజేశాడు టూరిజం కంపెనీ సూపర్వైజరు. అద్దమంటే అద్దం కాదు. మా ఉప్పు మడిలో నిలబడ్డ నీళ్ళు.

పొద్దు అప్పుడే పొడిచింది. గట్టు మీద నేలకు జీరాడే తెల్ల గౌను తొడుక్కుని ఒక పెళ్ళికూతురు, పక్కన సూటులో పెళ్ళికొడుకు, వాళ్ళ ముందు కెమెరాలు పట్టుకుని నలుగురు. లాగుడు కర్రంటే పొడుగాటి కర్ర చివర అడ్డపలక బిగించి ఉంటుంది. తెల్లారగానే దాంతో మడి అడుగు కదపాలి. కదపకపోతే ఉప్పు బురదతో కలిసి పెంకు కడుతుంది. ఆ తర్వాత గునపంతో పొడిచినా నల్లటి గడ్డలే వస్తాయి. కానీ కదిపితే నీళ్ళు చెదురుతాయి. నీళ్ళు చెదిరితే అందులో ఆకాశం కనపడదు. అందుకని తొమ్మిదింటి దాకా ఎవరూ మడిలో దిగకూడదని టూరిజం కంపెనీ రూలు పెట్టింది.

యాభై ఏళ్ళు కర్ర లాగి లాగి మామ నడుం కొడవలిలా వంగిపోయింది. సూపర్వైజరు గుంజిన గుంజుడుకు ఆయన మోకాళ్ళ మీద పడ్డాడు. పాత పుండు పగిలింది. ఆ పుండులో ఉప్పు నీళ్ళు. మీరు చదువుకున్న పిల్లలు, ఆ మంట ఎలా ఉంటుందో పుస్తకంలో దొరకదు.

"ఆ ముసలాయన్ని కొంచెం పక్కకి జరపండి, నీడ పడుతోంది" అన్నాడు కెమెరావాడు.

జరిపారు. గోనెసంచిని జరిపినట్టు జరిపారు. పెళ్ళికూతురు నవ్వింది. ఫొటో బాగా వచ్చే ఉంటుంది. ఫొటోలో వాసన పడదు కదా. ఆ గట్టు వెనకాల రోజూ చూడ్డానికొచ్చే జనం దొడ్డికి కూర్చుని, తుడుచుకున్న కాగితాలు మా మడుల్లోకే విసిరిపోతారు. మేం వాటిని చేత్తో ఏరుతాం. ఆ ఉప్పే మళ్ళీ మీ ఇళ్ళకు వస్తుంది.

ఇదంతా వాళ్ళ తప్పేనని చెప్పి చేతులు దులుపుకుందామంటే నాకు నోరు రాదు. మొదలుపెట్టింది మేమే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, నేనే.

మూడేళ్ళ కిందట ఒక ఫొటో బాబు వచ్చాడు. మెడలో రెండు కెమెరాలు, కాళ్ళకు మోకాలి దాకా బూట్లు. మా నలభై గుడిసెలూ మడుల మధ్య పెద్ద గట్టు మీదే ఉంటాయి. అప్పటికి మాకు మంచినీళ్ళ పంపు లేదు, రోడ్డు లేదు. "ఇంత అందమైన చోటు లోకానికి తెలియాలి. ఈ ఫొటో పైవాళ్ళు చూశారంటే రోడ్డు దానంతటదే వస్తుంది" అన్నాడు. కాకపోతే ఆ బట్టల దండేలు, నీలం ప్లాస్టిక్ పట్టాలు, తుప్పు రేకులు అడ్డమట.

నేను ఇల్లిల్లూ తిరిగాను. ఒక్క పూటే కదా అన్నాను. నా ఇంటి మీది పట్టా నేనే ముందు లాగాను. దండేలు విప్పాం, రేకులు దించి ఉప్పు కుప్పల వెనక దాచాం. మిగిలిన మట్టిగోడలు గట్టు రంగులో కలిసిపోయాయి. పిల్లల్నీ మేకల్నీ తోలుకుపోయి ఉప్పు కొట్టంలో కూర్చోబెట్టాం. ఇల్లు సర్దినట్టు మమ్మల్ని మేమే సర్దేసుకున్నాం. మా అక్కను మాత్రం ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని గట్టు మీద నడవమన్నాడు. మొహం కనపడకూడదట. నల్లటి నీడలా ఉంటే చాలట. అప్పుడు అక్కకు అది కూడా గొప్పగానే ఉంది.

ఫొటో గెలిచింది. ఏదో బహుమతి వచ్చింది. బస్సుల మీద అతికించారు, రైల్వే స్టేషన్లో మనిషంత ఎత్తున పెట్టారు. 'అలికిడి లేని అద్దాల నేల' అని కింద రాశారట. రోడ్డు కూడా వచ్చింది. నున్నటి తారు రోడ్డు. అది గుడిసెలకు అరమైలు ఇవతల, జనం నిలబడి చూసే చెక్క మెట్ల దగ్గర ఆగిపోయింది. పంపూ అక్కడే పెట్టారు.

మామ పడిన వారానికి నోటీసు వచ్చింది. గట్టు మీది ఆక్రమణలు పదిహేను రోజుల్లో తీసెయ్యాలి, అక్కడ కాటేజీలు కడతారు. పది మందిమి నోటీసిచ్చిన ప్రభుత్వ ఆఫీసుకు వెళ్ళాం. గదిలో చల్లగా ఉంది. ఆఫీసరు వెనక గోడకు చూద్దును కదా, అదే ఫొటో. అద్దం బిగించి పెట్టారు.

"మూడేళ్ళ కిందట అక్కడ ఎవరూ లేరు. మీరంతా కంపెనీ వచ్చాక చేరినవాళ్ళు" అన్నాడు ఆఫీసరు, ఫొటో వైపు పెన్ను చూపిస్తూ. "ఒక్క గుడిసె చూపించండి ఇందులో."

అక్క లేచి వెళ్ళి గోడ దగ్గర నిలబడింది. "ఆ నడిచేది నేనే సారూ."

"మొహం లేదు కదమ్మా."

"వద్దన్నారు కాబట్టి లేదు. ఇదిగో, ఈ మూల మూడో ఇల్లు నాది. రేకులు ఈ కుప్ప వెనకాల ఉన్నాయి. నా పిల్లలు ఆ కొట్టంలో ఉన్నారు."

"కుప్ప వెనకాల ఉన్నవి నేను కాగితం మీద ఎలా రాసుకోను? ఇంకేమైనా ఆధారం ఉందా? చిరునామా ఉన్న కాగితం ఏదైనా?"

లేదు. పుట్టినా చచ్చినా గట్టు అడ్రసు ఏ ఆఫీసులోనూ రాసుకోలేదు. పక్క ఊరి పేరు రాసి పంపేవాళ్ళు.

ఆ సాయంత్రం ఉప్పు కొట్టంలో మీటింగు పెట్టుకున్నాం. ఆటో నడిపే మా చిన్నాన్న కొడుకు ముందు లేచాడు. "కంపెనీ వాళ్ళు గేటు దగ్గర పనిస్తామంటున్నారు. యూనిఫాం కూడా ఇస్తారంట. కొట్లాడి ఏం సాధిస్తాం?"

"ఏం పనిరా?" అన్నాడు వంకర మామ, మోకాలికి గుడ్డ కట్టుకుంటూ.

"తలుపు తియ్యడం, దణ్ణం పెట్టడం."

"వంగడమేగా. నాకైతే నేర్పక్కర్లేదు, ముందే వంగి ఉన్నా. నీకే పాపం కష్టం."

నవ్వులు లేచాయి. ఆ నవ్వులోనే ఒకావిడ నా వైపు తిరిగింది. "నవ్వింది చాలు. దండేలు విప్పమని నా గుమ్మం ముందుకొచ్చింది ఈయన కాదూ? ఇప్పుడు మూగనోము పట్టాడేం?"

నేను లేచాను. తప్పయిపోయిందన్నాను.

"వాడొక్కడే విప్పాడా? నా దండెం నేనే విప్పుకున్నా" అంది అక్క. "ఏడుపులు తర్వాత. ఎల్లుండి కాటేజీలకు శంకుస్థాపనని ఆ చెక్క మెట్లకు రిబ్బను కట్టి పెద్దోళ్ళొస్తారు, కెమెరాలొస్తాయి. ఆ ఫొటో కోసం దాచుకున్నవన్నీ ఇప్పుడు బయటపెడదాం. ప్రతి దండెం నిండా బట్టలుండాలి. ప్రతి మడిలో మనిషుండాలి. పొద్దున్నే, వాళ్ళ టైముకే."

"కొడతారు" అన్నాడు ఆటో తమ్ముడు.

"కొట్టేటప్పుడన్నా కనపడతాంగా."

ఆ పొద్దున మెట్ల మీద సూట్లు, పూలదండలు, వరసగా కెమెరాలు. గట్టు పొడుగునా మా లంగాలు, లుంగీలు, బొంతలు, పసిపిల్లల ఉచ్చగుడ్డలు. నీలం పట్టాలు జెండాల్లా కట్టాం. తొంభై మందిమి ఒక్కసారి మడుల్లో దిగాం. కర్రలు పడ్డాయి. ఆకాశం ముక్కలైంది. అడుగున ఉన్న బురదంతా పైకి లేచి, వాళ్ళ అద్దాల నేల ఎలుగొడ్డు ఒళ్ళులా నల్లబడింది. మెట్ల మీద ఒకాయన ముక్కు మూసుకున్నాడు. మూడేళ్ళలో మా ఉప్పు వాసన వాళ్ళకు మొదటిసారి తగిలింది.

"బయటికి రండి" అని మైకులో అరిచారు.

"పనిలో ఉన్నాం" అంది అక్క. తలెత్తలేదు.

లాఠీలు మడుల్లోకి దిగాయి. ఆటో తమ్ముడు ఎప్పుడొచ్చాడో చూడలేదు, అక్క మీద పడబోయిన దెబ్బ వాడి భుజం మీద పడింది. మోకాలు వాచిన మామను గట్టు మీదే వదిలేసి, నలభై ముగ్గుర్ని వ్యానుల్లోకి ఎక్కించారు. ఉప్పు నీళ్ళు కారుతూ పోలీసు స్టేషన్ వరండాలో కూర్చున్నాం. రైటరు పెద్ద పుస్తకం తెరిచాడు. ఒక్కొక్కరికి పలక పట్టించి ఫొటో తీస్తున్నారు. ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి.

"పేరు?"

అక్క చెప్పింది.

"ఎక్కడుంటావు?"

అక్క ఒక్కో మాటా వత్తి పలికింది. "ఉప్పు మడుల పెద్ద గట్టు. మూడో ఇల్లు. పుట్టినప్పటి నుంచీ."

రైటరు వంచిన తల ఎత్తకుండా రాసుకున్నాడు. ఆయనకది రోజూ ఉండే పనే. ప్రభుత్వం పుస్తకం, ప్రభుత్వం సిరా, మా గట్టు. నా వంతు వచ్చినప్పుడు ఏడో ఇల్లన్నాను. నా తర్వాతి వాడు ఎనిమిది. వరండాలో ఆ అంకెలు ఒకరి నోట్లోంచి ఒకరి నోట్లోకి వెళ్ళాయి. ఈసారి ఫొటోలో మాకు మొహాలున్నాయి, రెండు వైపులా ఉన్నాయి.

"కేసు కాగితం నకలు మా అందరికీ కావాలి" అంది అక్క.

"కేసు పెడితే సంతోషపడేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా" అన్నాడు రైటరు.

మర్నాడు తెల్లారి స్టేషన్ ముందు గోలగా ఉంటే ఊచల్లోంచి చూశాం. మా గట్టు మనుషులే. నిన్న వ్యాను ఎక్కని వాళ్ళంతా, చంకల్లో పిల్లలతో, గేటు నుంచి రోడ్డు మలుపు దాకా వరసకట్టి నిలబడ్డారు. అందరికన్నా ముందు వంకర మామ. లాగుడు కర్ర ఊతం చేసుకుని, ఒక్కో మెట్టూ ఎక్కి రైటరు బల్ల ముందు నిలబడ్డాడు.

"ఏం తాతా, నీకేం కావాలి?"

"నిన్న నేనూ మడిలో దిగాను బాబూ. అద్దం నేనూ పగలగొట్టాను" అన్నాడు మామ. "పెద్ద గట్టు, మొదటి ఇల్లు. రాసుకో."