నీలికుండకు చెప్పిన మాట

బద్వేలు పక్కన తొట్లపల్లె పాళెంలో శుక్రవారం వచ్చిందంటే విశ్వాసమ్మ ఇంటి ముందర నెరిసిన తలలన్నీ వరసగా కూర్చునేవి. ఆమె కోడి కూతకే లేచి నీలాకు, గోరింటాకు, కరక్కాయ కలిపి రుబ్బి కుండకెత్తేది. వచ్చినోళ్ళు ఒక్కొక్కరే లోపలికి పోయి, కుండ మూతి దగ్గర నోరు పెట్టి, మనసులో ఉన్న అనుమానం ఒకటి చెప్పాల. చెప్తేగానీ ఆకు పులిసేది కాదు. చెప్పినాక కుండ గుడగుడమని నురగ పొంగేది, అప్పుడు విశ్వాసమ్మ వచ్చి తలకు పట్టించేది. చెప్పే మాట తన చెవిన పడకుండా అంతసేపూ ఆమె పెరట్లో నిలబడి గొంతెత్తి కీర్తన పాడేది. ఆ గొంతు వింటే ఎవరి అనుమానమైనా సగం చచ్చిపోతుందని పాళెంలో ఎకసెక్కాలాడేవాళ్ళు.

మర్నాడు తల కడుక్కుంటే సంగతి తేలిపోయేది. అనుమానం నిజమైతే కాకినలుపు, అబద్ధమైతే ఇటుకెరుపు. నల్లతల కనపడితే "పాపం, ఎవరు మోసం చేసిరో" అనేవాళ్ళు. ఎర్రతల కనపడితే "ఎవరి ఉసురు పోసుకున్నాడో" అని పక్కకు తప్పుకునేవాళ్ళు. తెల్లతలతోనే తిరిగేవాళ్ళు కూడా ఉండిరి. వాళ్ళకు ఎవరి మీదా అనుమానం లేదనుకుంటే అది మన అమాయకత్వం. చెప్పే ధైర్యం లేదు, అంతే. అనుమానం పాపమని ఆదివారం గుడిలో బోధించే ఉపదేశిగారి చెంపల వెంట్రుకలు కూడా నల్లగా నిగనిగలాడతా ఉండేవి, ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు.

నిజంగా అనుమానమనేది ఎరగనివాడు ఆ పాళెంలో ఒకడే, దావీదురాజు. బాలనెరుపు వచ్చి పాతికేళ్ళకే చెంపలు తెల్లబడినా ఎప్పుడూ కుండ దగ్గరికి పోలేదు. ఎవరేది చెప్పినా నమ్మేవాడు. సగిలేరులో పాలు పారతాండాయంటే చెంబు తీసుకొని బయల్దేరే రకం. తల్లి చిన్నప్పుడే పోతే వాళ్ళ నాయన ఏసేపు ఒంటిచేత్తో సాకినాడు. ఏసేపు బండలు కొట్టే మనిషి, సంఘానికి పెద్ద, మీసం మీద నిమ్మకాయ నిలబెట్టగలడు. కొడుకు తన మాట జవదాటడని ఆయనకు శానా గర్వం.

ఏసుమణి కోడలుగా వచ్చినంక ఆ గర్వానికి చిల్లి పడింది. గండికోట కింద పెన్న ఒడ్డు పిల్ల, మాట పదును. పెండ్లయిన ఏడాదికే దావీదురాజు పెండ్లాం వెనకాల కడవెత్తుకొని నీళ్ళకు పోతా కనపడినాడు. పొయ్యి కాడ కూర్చొని ఆ పిల్ల ఏదో చెప్తే పకపకా నవ్వినాడు. వాళ్ళ నాయన బండల పనికి పోదాం రారా అంటే, "మణిని అడిగి చెప్తా నాయనా" అన్నాడు.

ఆ మాటతో ఏసేపు గుండెలో ముల్లు దిగింది.

"ఇడుమందు పెట్టింది. సంగటిలో కలిపి పెట్టింది. లేకపోతే మొగోడు కడవ మోస్తాడా?" అని రచ్చ మీద అందరితో అన్నాడు. మొగుణ్ణి కొంగున కట్టుకునేదానికి ఆడోళ్ళు తిండిలో మందు పెడతారనేది అక్కడ అందరికీ తెలిసిన సంగతే. అయినా ఊరికే అంటే ఎవరు నమ్ముతారు? "ఈ శుక్రవారం కుండకు చెప్తా. ఆదివారం గుడి కాడ నా తల చూడండి. నల్లగా వస్తే ఆ పిల్ల మా ఇంట్లో ఉండేది లేదు" అని పంతం పట్టినాడు.

ఏసుమణి ఆ మాట విని, "చెప్పుకోనీలే. చేసినోళ్ళకు గదా భయం" అని ఊరుకుంది.

శుక్రవారం ఆకు పులిసింది, విశ్వాసమ్మ పట్టించింది. శనివారం కోడి కూసేటప్పుడు ఏసేపు దొడ్లో ఒంటరిగా తల కడుక్కొని, తొట్టిలో నీళ్ళల్లోకి వంగి చూసుకున్నాడు. తల ఎరుపు. మీసం ఎరుపు. కనుబొమ్మకు రవ్వంత తగిలుంటే అదీ ఎరుపు.  తప్పని ఒప్పుకునేదానికి ఒక్క మాట చాలు, ఆ మాట ఆయన నోటికి రాలేదు. తలా మీసమూ కలిపి తువ్వాలుతో చుట్టేసి, పంటి నొప్పి, కడపకు పోయొస్తా అని గొణిగినాడు. ఏసుమణి గబగబా ఉప్పు వేయించి మూటగట్టి, ఒక లవంగం ఇచ్చి, "దవడకు పెట్టుకో మామా, బస్సులో గాలి తగలనీయొద్దు" అంది. ఆయన లవంగం తీసుకొని కోడలి మొహం చూడకుండా పోయినాడు.

అది యుద్ధం కాలం, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిచే బస్సులు. మైదుకూరు మిట్ట మీదికి తోసి ఎక్కించేసరికి బస్సు కంటే ఏసేపే ఎక్కువ రొప్పుతాండాడు. కడపలో హనుమన్న సలూను కొత్తగా పెట్టినారు. నిలువుటద్దం, తిరిగే కుర్చీ, గోడకు దొరసాని బొమ్మ. ఊర్లో మంగలోళ్ళు పాళెం మనుషుల తల ముట్టేవాళ్ళు కాదు. ఈడ హనుమన్న కుర్చీ దులిపి, "రాండి పెద్దాయనా, కూర్చోండి" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఏసేపు కండ్లు చెమర్చినాయి.

తువ్వాలు విప్పేసరికి హనుమన్న ఈల వేసినాడు. "ఏందప్పా ఇది, తల మీద ఇటికల బట్టీ పెట్టినావా?"

"నల్లగ చెయ్యి. రేపటికి కావాల."

"చేస్తా. రంగు సీసా యుద్ధానికి ముందర వచ్చిన సరుకు, ఘాటుగా ఉంటాది. మంటెత్తితే ఓర్చుకోవాల."

"దానికేం చెప్పాల?"

"దేనికి?"

"సీసాకు."

హనుమన్నకు అర్థం కాలేదు. "సీసాకు చెప్పేదేముంది పెద్దాయనా? మూత తీస్తే సరిపాయ" అన్నాడు. ఏమీ అడక్కుండా నల్లబడే తల ఉంటుందని ఏసేపుకు నమ్మకం కుదరలేదు. అద్దంలో చూస్తానే ఉన్నాడు. నెత్తి భగ్గున మండింది, ముక్కులు అదిరిపోయినాయి, అయినా తల నల్లబడింది, మీసమూ కనుబొమ్మా నల్లబడినాయి. గుండె మాత్రం తేలిక పడలేదు. కుండకు చెప్పినప్పుడు అబద్ధమని తేలిన అనుమానం, ఈ కుర్చీలో మళ్ళీ లేచి కూర్చుంది. ఎర్రగా వచ్చిందంటే ఆ పిల్ల కుండకు కూడా ఏమన్నా పెట్టిందేమో అనుకున్నాడు. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా!

ఆదివారం ఆరాధన అయినాక ఏసేపు అందరి ముందర తలపాగా తీసినాడు. నల్లతల ఎండకు మెరిసింది. ఆడోళ్ళ పక్క "అయ్యో దేవుడా" అని ఒకటే గొణుగుడు. ఏసుమణి లేచి నిలబడింది.

"నేనేమీ పెట్టలేదు. ఆ నలుపెట్ల వచ్చిందో నాకు తెలీదు, నేనైతే పెట్టలేదు" అంది.

"కుండ అబద్ధం చెప్తాదామ్మా?" అన్నారు పెద్దలు.

ఏసుమణి వాళ్ళ మాట పట్టించుకోలేదు, మొగుడి వైపే చూసింది. దావీదురాజు వాళ్ళ నాయన తలనే చూస్తా ఉన్నాడు. ఇంటికి పోయినాక ఆమె ఎప్పటి మాదిరే సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి తట్టలో పెట్టింది. వాడు ముద్దలో వేలు పెట్టి, ఆగి, తట్ట రవ్వంత పక్కకు నెట్టినాడు. పాళెమంతా కూడి ఉమ్మేసినా ఆ పిల్లకు అంత నొప్పి తగిలేది కాదు. ఎవరూ పొమ్మనకముందే పెట్టె సర్దుకొని పుట్టింటికి పోయింది.

తర్వాత ఏసేపు కొడుకును గిడ్డయ్య దగ్గరికి తీసుకపోయినాడు. గిడ్డయ్య మందు కక్కించడంలో పేరుమోసినవాడు. ఏదో పసరు తాపితే దావీదురాజు పేగులు నోట్లోకొచ్చేలాగా కక్కినాడు. సంగటి మెతుకులు తప్ప ఏమీ పడలేదు. "గట్టిగా పట్టుకొనుండాది" అన్నాడు గిడ్డయ్య. దావీదురాజు అది కూడా నమ్మినాడు. నమ్మి, ఇంటికొచ్చి, చల్లటి పొయ్యి చూసి గుక్కపట్టి ఏడ్చినాడు.

ఇంక ఏసేపు గతి చూడండి. సీసా నలుపు నిలిచేది కాదు, కుదుళ్ళు తెల్లబడేవి. నెల తిరిగేసరికి మళ్ళీ కడప, మళ్ళీ మంట. ఆయన ప్రతి నెలా కొత్తగా నల్లబడి దిగుతాంటే పాళెం జడుసుకుంది. ఎవరి కంటా పడకుండా కుండ కాడికి పోయి ఈసారి ఎవరి మీద చెప్పినాడు? ఎవరి గుట్టు నిజమైపోయింది? ఉపదేశిగారు ఆయనతో కండ్లు కలిపేవాడు కాదు. గుడిలో ఏసేపు కూర్చున్న చాప మీద ఇంకెవరూ కూర్చోలేదు. గుమ్మడికాయల దొంగంటే అందరూ భుజాలు తడుముకున్నట్టాయ.

ఒకరోజు దావీదురాజు విశ్వాసమ్మ ఇంటికి పోయినాడు. ఆమె చేటలో ఆకు ఏరతాంది.

"జేజీ, మా మణి నిజంగానే పెట్టిందా?"

"నా నోటితో చెప్పగూడదు నాయనా. కుండ కాడి మాట నేను చెప్తే ఇంక ఆకు పులవదు." కొంగు కింద నుంచి చేతులు బయటికి తీసి చాపింది. మామూలుగా ఆమె చేతులు ఎవరికి రంగేస్తే ఆ రంగుకు తిరిగేవి, మర్నాటికి పోయేవి. ఈసారి గోళ్ళ సందుల్లో ఎరుపు గడ్డకట్టుకొని ఉంది. "ఆ శుక్రవారం మీ నాయన ఒక్కడే వచ్చినాడు. అప్పటి నుంచి పోలేదిది."

దావీదురాజు వంగి ఆ గోళ్ళను చూసినాడు. "ఇన్నాళ్ళూ చూపిస్తే ఏమాయ జేజీ?"

"అడిగినోళ్ళకే చూపించాల. ఇంత పాళెంలో ఎవరడిగినారు? నువ్వే ఇన్నాళ్ళకు వచ్చినావు."

వాడికి సిగ్గుతో తల పైకి లేవలేదు. విశ్వాసమ్మ ఒక చిన్న కుండలో రుబ్బిన ఆకు పెట్టి, మూతికి గుడ్డ కట్టి చేతికిచ్చింది. "ఆ పిల్లకూ ఒకటి ఉంటాది లేప్పా, అనుమానం. నెరుపు లేని తల, పాపం యాడ చూసుకుంటాది? కుండకు మాట కావాల గానీ తల ఎవరిదైతే ఏం" అంది.

పెన్నలో నీళ్ళు లేవు. ఏసుమణి ఇసుకలో చెలమ తవ్వి, ముంతతో నీళ్ళు తోడుతాంది. మొగుడి చేతిలో కుండ చూసేసరికి ఆమె కండ్లు ఎర్రబడినాయి.

"నన్ను పరీక్ష చేసేదానికి అంత దూరం నుంచి మోసుకొస్తివా?"

"లేదు మణీ. మా నాయనకు ఎర్రగా వచ్చిందంట. కడపకు పోయింది పంటి నొప్పికి కాదు, నలుపేయించుకునేదానికి."

"నాకు తెలుసు. గుడి నుంచి వచ్చినాక ఆ రంగు కంపు ఇల్లంతా కొట్టె."

"తెలిసి చెప్పకపోతివే!"

"నువ్వు అడుగుతావేమోనని చూస్తిని. మణీ, పెట్టినావా అని ఒక్క మాట అడిగింటే సరిపోయేది. అడగలా. తట్ట నెట్టేస్తివి."

దావీదురాజు ఇసుకలో కూలబడి ఏడ్చినాడు. ఏడ్చి, కుండ ఆమె ముందర పెట్టినాడు. "నా మీద నీకేదుంటే అది చెప్పు. నా తలకు వెయ్యి."

 ఏసుమణి కుండ గుడ్డ విప్పి, దాచుకోకుండా, వాడు వినేటట్టే చెప్పింది. "ఈ మనిషి రేపు ఇంకొకరొచ్చి ఏదన్నా చెప్తే, నన్ను అడక్కుండా అదే నమ్ముతాడు."

కుండ ఒక్క పెట్టున పొంగింది. ఆమె నురగతో సహా తీసి వాడి చెంపలకు రుద్దింది. చేతిలో మెత్తదనమేమీ లేదు.

పొద్దన్నే చెలమ కాడ తల కడిగించుకుంటా దావీదురాజు ఎర్రగా రావాలని ప్రార్థన చేసినాడు. కడిగినాక ఆమె వాడి గడ్డం పట్టుకొని రెండు చెంపలూ తిప్పి చూసింది.

"ఏమొచ్చింది?"

"నలుపు."

ఒడ్డున గడప కాడి నుంచి ఏసుమణి తల్లి జ్ఞానమణి చూసి, "అల్లుడు పెండ్లికొడుకు మాదిరి ఉండాడే!" అని మురిసిపోయింది. దావీదురాజు లేచి పంచె దులుపుకున్నాడు. "ఇంక నేను పోతా మణీ. నీ అనుమానమే నిజం."

"యాడికి పోతావు? ఆడ మీ నాయన ఉండాడు, గిడ్డయ్య ఉండాడు, ఊరంతా నోళ్ళు ఉండాయి. ఎవరు ఊదితే వాళ్ళ మాట వింటావు. నీ బుద్ధి మారదని తేలిపాయ గదా, ఇంక నాకు భయం లేదు. ఈడ్నే ఉండు. ఈడ చెప్పేది నేనొక్కదాన్నే."

వాడు ఇల్లరికం ఉండిపోయినాడు. పెన్న ఇసుకలో పుచ్చపాదులు పెట్టినారు, ఏసుమణి చెప్పినట్టే నీళ్ళు కట్టినారు, కాయ బాగా దిగింది. వాడితో ఎవరన్నా మాట్లాడాలంటే ముందు ఏసుమణితో మాట్లాడాల. బేరగాళ్ళకైనా, సంఘమోళ్ళకైనా అదే పద్ధతి. లోకానికి నవ్వులాట అయింది గానీ, ఆ ఇంట్లో తట్ట పక్కకు నెట్టడమనేది మళ్ళీ జరగలేదు.

ఎండలు ముదిరినప్పుడు ఒకరోజు ఏసేపు వచ్చినాడు. తలపాగా లేదు. సగం తెలుపు, సగం సీసా నలుపు, మీసం కిందికి వాలిపోయింది. అరుగు మీద కూర్చొని కోడలి మొహం నేరుగా చూసినాడు.

"నాకు ఎర్రగా వచ్చిందమ్మా. అబద్ధమాడినా. గుడి కాడ అందరికీ చెప్పేసే వచ్చినా. ఒక్కణ్ణే ఉండలేకుండా ఉండా. మీరిద్దరూ ఇంటికి రాండి. వాణ్ణి ఒక్కసారి పిలువు, నా నోటితో నేనే అడుగుతా."

ఏసుమణికి జాలి పుట్టింది. పుట్టకపోతే మనిషే కాదు. కాళ్ళకు నీళ్ళిచ్చింది, సంగటి పెట్టింది. ఆయన ముద్దా ఊరిబిండీ మెతుకు మిగలకుండా తిన్నాడు. "నువ్వు కూర్చో మామా, చెప్పి వస్తా" అని పుచ్చతోటలోకి పోయింది.

దావీదురాజు పాదుల కాడ కలుపు తీస్తా ఉన్నాడు. ఆమె వాడి పక్కన కూర్చొని కొంగుతో వాడి మొహం మీది చెమట తుడిచింది.

"మీ నాయన వచ్చిపోయినాడు. బండల పనికి పోవాలంట, నిలబడలేదు. తప్పు నాదేనని ఒప్పుకున్యాడు. మనల్ని ఈడ్నే చల్లగా ఉండమన్యాడు."

"అట్లన్యాడా!" అని దావీదురాజు మొహం వెలిగిపోయింది. లేచి ఇంటి దిక్కు చూడనన్నా చూడలేదు. ఆమె చెప్పింది గదా, నమ్మినాడు.