మూడు ఖాళీ గళ్ళు

బోర్డు మీద నాలుగేసి గళ్ళ వరసలు రెండు గీశాడు గళ్ళాయన. పై వరస మొదటి గడిలో 'అంతస్తు' అని, కింది వరస మొత్తానికీ 'బరువు' అని రాశాడు. పైన మిగిలిన మూడు గళ్ళూ ఖాళీగా వదిలేశాడు. ఈ పాఠం ఇప్పటికి పాతికమందికి చెప్పాడు. ఎదురుగా కూర్చున్న కొత్త ఇంజనీరమ్మ ఇరవై ఆరో మనిషి.

లిఫ్టును నడిపే చిన్న కంప్యూటరులో ఏ అంకె ఏ గడిలో ఉండాలో ముప్పయ్యేళ్ళ కిందట నిర్ణయించింది ఆయనే. అప్పట్నుంచీ ఆ గళ్ళలోనే ఇరుక్కుపోయాడు. వీడ్కోలు టీ రెండుసార్లు తాగాడు గానీ మేనేజరు వదిలితేగా! "మీ పని తెలిసినవాళ్ళు ఒక్కరు దొరకనీండి బాబాయ్" అంటాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఇంట్లో చూపులేని అక్క మంచం పట్టింది. ఆమెకు మిగిలిన నాలుగు రోజులూ పక్కన కూర్చోవాలని ఆయన ఆశ. ఈవిడకు అర్థమైతే సాయంత్రానికే విడుదల.

"ఈ మూడూ దండగే కదండీ? బరువుని పైకి జరిపేస్తే పోలా?" అందావిడ.

ఆయన ప్రాణం ఉసూరుమంది. పాతికమందీ ఇక్కడే బోల్తా పడ్డారు. ఒకాయనైతే జరిపేశాడు కూడా. యంత్రం వరస మొదటి నుంచే చదువుతుంది కనుక దానికి బరువు ముక్కలై అందింది, లిఫ్టు తలుపు బిగుసుకుపోయింది. గంటసేపు లోపలున్నది గళ్ళాయనే.

"మా అక్కకి కళ్ళు కనబడవమ్మా," అన్నాడు మెల్లగా. "మాత్రల డబ్బాలో రోజుకో వరస, వరసకి నాలుగు గళ్ళు. మందు మూడు పూటలే. నాలుగోది ఖాళీగా ఉంచుతాను."

"ఎందుకు?"

"అంచు తడిమితే మొదటి గడి ఎప్పుడూ పొద్దుటిదే అవ్వాలి. ఖాళీ ఉంది కదా అని మర్నాటి మాత్రతో నింపానో, రెండోరోజుకే పూట మారిపోతుంది. యంత్రమూ అంతే. తడుముకుని బతుకుతుంది."

ఆవిడ లేచి బోర్డు మీది ఖాళీ గళ్ళను వేలితో తడిమింది. "అయితే ఈ మూడూ ఇలాగే ఉండాలండీ" అంది.

ఆయన కళ్ళు చెమర్చాయి. మేనేజరు అయిదింటికి విడుదల కాగితం మీద సంతకం పెట్టాడు.

ఇంటి గుమ్మంలో పక్కింటావిడ నిలబడి ఉంది. "మధ్యాహ్నం మాత్ర వేసుకుని పడుకుంది అన్నయ్యా, మళ్ళీ లేవలేదు. ఆఫీసుకి ఫోన్ చేశాను. పాఠం చెబుతున్నారు, కదిలించొద్దన్నారు."

ఏ పగలూ కూర్చోని కుర్చీలో, అక్క పక్కన కూర్చున్నాడు. ఇక ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. బల్ల మీద మాత్రల డబ్బా ఉంది. ఆ రోజు వరసలో మొదటి రెండు గళ్ళూ ఖాళీ, మూడోదానిలో సాయంత్రపు మాత్ర, నాలుగోది ఎప్పటిలాగే ఖాళీ.