కాఫీ పొడిలో అయస్కాంతం

జగ్గారావు స్టీల్ ప్లాంటులో ఇనుము చెక్కే లేత్ మిషన్ పని ముగించుకొచ్చి, డ్యూటీ చొక్కా కూడా విప్పకుండా కొత్త కాఫీ గ్రైండర్ ముందు కూర్చున్నాడు.

అతని భార్య తాయారు గుప్పెడు అరకు గింజలు వేసి తిప్పింది. "కొత్త రోట్లో తొలి పిండి తింటావేటి బావా? ఇదీ అంతే. పారబోసీ."

"ఆగు. కొత్త మిషనన్నాక ఇనుము రాల్తాది. ఎంత రాలిందో సూద్దాం."

ఫ్రిజ్‌కి అంటించిన అయస్కాంతం తెచ్చి, పళ్లెంలోని పొడిలో కలియతిప్పాడు. దానికి నల్లటి నూగు అంటుకుంది. ఆ పొడి పారబోసి మళ్లీ పట్టారు. మళ్లీ అదే నూగు. మూడోసారీ అంతే.

"దిక్కుమాలిన మిషను! రేపే వాపసిచ్చేత్తాను," అని జగ్గారావు చిర్రుబుర్రులాడాడు.

అంత చిన్న మిషన్లో అంత ఇనుము ఎక్కడిదా అనుకుంది తాయారు. నాలుగోసారి పట్టిన పొడిలో అయస్కాంతాన్ని శుభ్రంగా తుడిచి తనే తిప్పింది. ఏమీ అంటలేదు. ఇందాకంతా పళ్లెంలో రాసుకుంటూ ఉన్న మొగుడి చొక్కా చేతికి దాన్ని ఆనించింది. అయస్కాంతానికి గుబురుగా నల్లటి మీసాలు మొలిచాయి.

"వాపసిచ్చీయాలంటే నిన్నే ఇచ్చీయాల బావా! పో, తానం సేసి రా. అప్పుడు డికాషన్ తీత్తాను."