వంటగదిలో సుద్దగీత

సుగియురా గారు సుద్దముక్కతో మా ఫ్యాక్టరీ వంటగది నేల మీద గుండ్రంగా గీత గీసి, కొత్త ఇంజనీరును అందులో నిలబెట్టింది సోమవారం. భోజనాలు ఎందుకు ఆలస్యమవుతున్నాయో శనివారం లోపు తేలకపోతే మా అయిదుగురు ఆడవాళ్ళకూ ఆ ఫ్యాక్టరీలో నూకలు చెల్లినట్టే.

మధ్యాహ్న భోజనానికి నలభై అయిదు నిమిషాలు. మూడు వందల మంది ఒకే వరసలో వస్తారు. చివరి వాళ్ళకు తినడానికి ఎనిమిది నిమిషాలు మిగిలితే గొప్ప. వాళ్ళు నోట్లో అన్నంతోనే పరిగెత్తినా ఆలస్యమై, అవతల కార్లు బిగించే వరస ఆగిపోతోంది. వంటగది మూసేసి బయటి నుంచి డబ్బాల్లో భోజనం తెప్పిద్దామని ఆఫీసులో ఎవరో సలహా ఇచ్చారట. చల్లారిన అన్నం తిని కార్లెలా బిగిస్తారో ఆ సలహా ఇచ్చిన మహానుభావుడికే తెలియాలి.

సుగియురా గారు ఫ్యాక్టరీ అంతటికీ పెద్ద. ఆయనకు తెలిసిన మందులు రెండే. ఏదైనా చెడితే "ఎందుకు?" అని వరసగా అయిదుసార్లు అడుగుతారు. జవాబు రాకపోతే గీత గీసి మనిషిని అందులో నిలబెడతారు. కనపడేదాకా బయటికి రాకూడదు. ఏం కనపడాలో మాత్రం చెప్పరు.

ఇంజనీరు పేరు కామియా. ఇరవై ఆరేళ్ళుంటాయి. మెడలో సెకన్లు లెక్కపెట్టే గడియారం, చేతిలో రాసుకునే అట్ట. గుండ్రం సరిగ్గా పొయ్యి పక్కన పడింది కాబట్టి పాపం ఆవిరికి కళ్ళద్దాలు మసకబారిపోయాయి. అది చాలదన్నట్టు మా హత్సుయె ఉల్లిపాయల బుట్ట తెచ్చి అతని కాళ్ళ దగ్గరే కూర్చుని తరగడం మొదలుపెట్టింది.

"మమ్మల్ని సాగనంపడానికొచ్చి అప్పుడే ఏడుస్తున్నావేం బాబూ?" అంది.

అతను కళ్ళు తుడుచుకుని రాసుకుంటూనే ఉన్నాడు. మధ్యాహ్నం రెండయింది, మనిషి గీత దాటలేదు, తినలేదు. శత్రువైతే మాత్రం, నా వంటగదిలో ఒకడు ఆకలితో నిలబడితే నా ప్రాణం ఊరుకోదు. గిన్నెలో అన్నం, పులియబెట్టిన సోయా ముద్ద మిసోలో ఉడికించిన చేప పెట్టి గీత లోపలికే అందించాను. నిలబడే తిన్నాడు. రెండోసారి అడగడానికి మొహమాటపడుతున్నాడని తెలిసి అడక్కుండానే వడ్డించాను.

తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఏమిటో మంగళవారం తెలిసింది.

"పిన్నిగారూ, మీరు ఒక్కొక్కరితో నాలుగు సెకన్లు మాట్లాడుతున్నారండీ. మూడొందల మందికి ఇరవై నిమిషాలు" అన్నాడు భయం భయంగా.

నేను ఒంటికాలి మీద లేచాను. ఇరవై ఏళ్ళుగా వడ్డిస్తున్నాను, నా నోటికి లెక్క కట్టినవాడు లేడు. సరే, రేపు నోరు విప్పితే నా పేరు ఫుమి కాదని చెప్పి వచ్చేశాను.

బుధవారం నోరు కుట్టేసుకున్నాను. అందరికీ ఒకే కొలత అన్నం, ఒకే ముక్క చేప. మగవాళ్ళు నా మొహం వంక, గిన్నె వంక చూసుకుంటూ వెళ్ళారు. భోజనాలయ్యాక చూస్తే మిగిలిన అన్నం రెండు బకెట్లు. మా వంటగదిలో అంతకు ముందు ఏనాడూ పారేసింది లేదు. ఎలా ఉంటుంది? "కడుపు కుదుటపడిందా?" అని అడిగితే ఒకడికి సగం గిన్నె చాలని తెలుస్తుంది. "నిన్న ఓవర్‌టైమా?" అంటే ఇంకొకడికి రెండు గిన్నెలు కావాలని తెలుస్తుంది. అడిగినంతే పెట్టేదాన్ని. ఆ రెండు బకెట్లు చూస్తుంటే నిజంగా ఏడుపొచ్చింది.

ఇంకో వింత, నేను మూగనోము పట్టినా వరస ఒక్క నిమిషం కూడా తగ్గలేదు. కామియా గడియారం చూశాడు, బకెట్లు చూశాడు. అప్పుడు మొదటిసారి తల పక్కకు తిప్పి, నన్ను దాటి అవతలికి చూశాడు.

వరస చివర బార్లీ టీ పెద్ద పాత్ర ఉంది. దానికి ఒకటే గరిటె, గరిటెకు మూరెడు తాడు. పొడుగువాళ్ళు నడుం వంచాలి, ఎడమచేతివాళ్ళు చుట్టూ తిరిగి రావాలి. ఒకడు పోసుకునేదాకా వెనక అందరూ నిలబడాలి. రోజూ చూస్తూ చూస్తూ మా ఎవరి కళ్ళకూ అది ఆనలేదు.

"ఆ తాడు ఎవరు కట్టారండీ?" అని అడిగాడు.

"గరిటెలు పోతున్నాయని పన్నెండేళ్ళ క్రితం సుగియురా గారే స్వయంగా కట్టారు" అన్నాను.

కుర్రాడి మొహంలో నెత్తురుచుక్క లేదు. మర్నాడు అన్నం కూడా సహించలేదు. పెద్దాయనకు ఈ మాట ఎవరు చెబుతారు? తన బదులు నన్ను చెప్పమన్నట్టు చూశాడు. నేను ఒప్పుకోలేదు.

కార్ల కంటే ముందు మా కంపెనీ మగ్గాలు చేసేది. పదిహేనేళ్ళప్పుడు నేను కొత్త మగ్గాలను నడిపి చూసే పనిలో చేరాను. సుగియురా గారు నా కంటే రెండేళ్ళు చిన్న, అప్పుడు మరలు బిగించేవారు, నన్ను అక్కా అని పిలిచేవారు. ఆ మగ్గాల సంగతే కామియాకు చెప్పాను. "దారం తెగితే మగ్గం దానంతటదే ఆగిపోయేది బాబూ. అది యజమాని గుడ్డా, పనివాడి గుడ్డా అని చూసేది కాదు. నీకు తెగిన దారం కనపడింది. ఇక నీ ఇష్టం."

శనివారం సుగియురా గారు సరిగ్గా పన్నెండింటికి వచ్చి, కనపడిందా అని అడిగారు.  కామియా జేబులోంచి సుద్దముక్క తీసి, టీ పాత్ర పక్కన గుండ్రంగా గీత గీశాడు. 

"దయచేసి ఇందులో నిలబడండి సార్" అన్నాడు.

హత్సుయె ఉల్లిపాయ తరగడం ఆపేసింది.  సుగియురా గారు టోపీ తీసి చంకలో పెట్టుకుని గీతలోకి వెళ్ళి నిలబడ్డారు.

వరస కదిలింది. ఆయన చూస్తూ తనలో తనే గొణుక్కుంటూ లెక్క మొదలుపెట్టారు. వరస ఎందుకు ఆగుతోంది? టీ దగ్గర. ఎందుకు? ఒకటే గరిటె. ఒకటే ఎందుకు? కట్టేసి ఉంది. ఎందుకు కట్టారు? పోతున్నాయని. అయిదో ఎందుకు కోసం ఆయన వంగి ముడి చూశారు. అది మగ్గం దగ్గర దారానికి దారం కలిపే ముడి, ఒకసారి పడితే విప్పలేం. మగ్గాల రోజుల్లో అది ఆయనకు నేర్పింది నేనే.

తను కట్టిన ముడిని ఆయన గుర్తుపట్టారు. చెవులు మా ఎర్ర మిసో రంగుకు తిరిగాయి. 

"అక్కా, కత్తెరుందా?" అన్నారు.

ఆ పిలుపు విని ముప్ఫై ఏళ్ళు దాటింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఉల్లిపాయలున్నాయి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. నేను కత్తెర ఇచ్చాను, ఆయనే తాడు కోశారు. కామియా అలమరలోంచి ఇంకో నాలుగు గరిటెలు తెచ్చాడు. ఆ రోజు ఆఖరివాడికి తినడానికి ఇరవై నిమిషాలు మిగిలింది. డబ్బాల భోజనం మాట ఇక ఎత్తొద్దని ఆయన అక్కడి నుంచే ఆఫీసుకు కబురు పంపారు.

గీతలోంచి బయటికి రమ్మంటే, ఇంకా కనపడాల్సింది ఏమైనా ఉందేమో, ఇక్కడే తింటానన్నారు.

"కడుపెలా ఉంది తమ్ముడూ?" అని అడిగాను.

మంట తగ్గలేదన్నారు. సగం గిన్నె అన్నమే పెట్టాను.